పెట్టె ఆలోచించినంత సేపు

మా నాన్న చేసే ప్రార్థనకు ఒక వరుస ఉండేది. ముందు రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ చేస్తున్నవాళ్లు, తర్వాత మంచం పట్టినవాళ్లు, ఆ తర్వాత పరీక్షలు రాసి కూర్చున్న పిల్లలు, అందరికంటే ఆఖరున మా ఇల్లు. కలకత్తాకు దగ్గరి మా రైల్వే ఊళ్లో తెలుగువాళ్లుండే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్. అక్కడ శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటాం. చాపలు పరిచి గుండ్రంగా కూర్చుని, కళ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. నాన్న వంతు వచ్చిందంటే చిన్నప్పుడు నాకు కాళ్లు తిమ్మిరెక్కేవి. వీధి వీధంతా ఆయన నోట్లోంచి నడిచి వెళ్లాక గానీ మా వంతు రాదు. మా ఇంటి సంగతి చెవిన పడితే, హమ్మయ్య, ఇక అన్నం పెడతారని తెలిసేది.

కాగితం చూసి చేసే ప్రార్థన అంటే ఆయనకు మహా చులకన. "కాయితం సూసి సదివేది ఆఫీసరికి పెట్టుకునే అర్జీ. దేవుడితో మాటలాడ్డానికి కాయితమేటి?" అనేవారు. ఎవరైనా వచ్చిన అతిథి జేబులోంచి కాగితం తీస్తే కళ్లు మూసుకునే ముందు నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవారు. అంత పొగరు ఆయనకు ఆ ఒక్క విషయంలోనే ఉండేది. ఆ పొగరుకి కారణం గొంతు. షెడ్డులో సుత్తుల మోతను దాటి వినపడాల్సి వచ్చి పెరిగిన గొంతు అది.

ఆ గొంతులోనే పుండు లేచింది. రిటైరై, రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, అదే ఊళ్లో సుభాష్‌పల్లిలో అద్దెకు దిగిన కొన్నాళ్లకే. కలకత్తాలో డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. తీసేస్తే బతుకుతారు, మాట ఉండదు. అమ్మ వెంటనే తీసేయమంది. నాన్న మాత్రం ఒక పూటంతా ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, ఆ తర్వాత సంతకం పెట్టారు.

నేను అప్పటికే మాట పోయినవాళ్లకు మాట్లాడే పెట్టెలు తయారుచేసే కంపెనీలో ఇంటినుంచే పనిచేస్తున్నాను. దీన్ని దేవుడి ఏర్పాటు అని కూటంలో అందరూ అన్నారు. నాకు మాత్రం వెటకారంలా అనిపించింది. మా పెట్టె అరచేతికంటే కొంచెం పెద్దది, మెడలో వేసుకోవచ్చు. మాటలు టైపు చేసి మీట నొక్కితే పైకి చదువుతుంది. ఫోన్లు కూడా చదువుతాయి గానీ, అందులో వినిపించేది ఎవరో వార్తలు చదివే అమ్మాయి గొంతు. మా పెట్టెకు ఆపరేషనుకు ముందే మనిషి మాటలు కొన్ని రికార్డు చేసి ఇస్తే, ఆ మనిషి గొంతుతోనే మాట్లాడుతుంది. నాన్నను కూర్చోబెట్టి కంపెనీ పంపిన వాక్యాలన్నీ చదివించాను. "ఈ రోజు వాతావరణం ఆహ్లాదకరంగా ఉంది" అని చదివి, "ఇలాటి మాట నా జన్మలో అనలేదు" అని గొణిగారు. ఆ గొణుగుడు కూడా రికార్డయింది.

ఆపరేషను తర్వాత ఇంటికొచ్చి ఆయన పెట్టెలో కొట్టిన మొదటి మాట "టీ". వంటింట్లో ఉన్న అమ్మ ఆ గొంతు విని గిన్నె వదిలేసింది. తర్వాత బయటికొచ్చి, "వచ్చీరాగానే టీయేనా, నన్ను పిలవాలని లేదా?" అని తిట్టి ఏడ్చింది. అప్పట్లో పెట్టె వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక గుక్క తిప్పుకునేంత సేపు ఆగేది. మనుషులూ ఆగుతారు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మొదటి శుక్రవారాలు బాగానే గడిచాయి. ముందుగా టైపు చేసుకుని వెళ్లాల్సి రావడం మాత్రం నాన్నకు నామోషీ. "నాదీ అర్జీయే అయిపోనాది" అని పెట్టెచేతే చెప్పించి, తానే నవ్వారు. గొంతులో చప్పుడు లేని నవ్వు అది.

ఆ తర్వాత కంపెనీ పెట్టెలన్నిటికీ కొత్త వెర్షన్ పంపింది. మాట వేగం పెరుగుతుందని గొప్పగా చెప్పుకుంది. ఆ వేగం కోసం చేసిన పని నా టీముదే కాబట్టి దాని సంగతి చెప్పాలి.

మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ప్రోగ్రాంలో ఏ దారి ఎక్కువగా వాడుకలో ఉంటుందో దానికి తెలియదు. అందుకని ముందు ఒక రకం బిల్డ్, అంటే యంత్రంలో నడవడానికి సిద్ధమైన ప్రోగ్రాం, చేస్తాం. అది ప్రతి మలుపు దగ్గరా ఒక కాపలాదారును పెట్టుకుని, ఎటు ఎన్నిసార్లు వెళ్లిందో రాసుకుంటూ నడుస్తుంది. రాసుకోవడంవల్ల నత్తనడక నడుస్తుంది. ఆ లెక్కనే ప్రొఫైల్ అంటారు. దాన్ని కంపైలర్‌కు ఇచ్చి మళ్లీ బిల్డ్ చేయిస్తే, తరచూ నడిచే దారులను దగ్గర దగ్గరగా పేర్చి పదును పెడుతుంది. ఎవరూ నడవని దారులను కుదించి ఎక్కడో చివరకు తోసేస్తుంది. మా అమ్మ వంటింట్లో ఉప్పు, నూనె చేతికందేలా ఉంటాయి, క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వేసే అచ్చు అటక మీద ఉంటుంది. కంపైలర్ చేసేదీ ఆ సర్దుడే. ఇందులో తప్పేమీ లేదు. కానీ సర్దేముందు ఆ వంటింట్లో ఎవరిచేత వండించి చూశారన్నది ముఖ్యం.

మావాళ్లు ఆఫీసులో ఇంగ్లీషు వాక్యాలు పెట్టి వండించారు. పెట్టెలు కొనే ఆసుపత్రుల్లో ఎక్కువ అవే వాడతారని. దాంతో తెలుగు వాక్యాన్ని ముక్కలు చేసి శబ్దాలుగా మార్చే భాగమంతా అటకెక్కింది. పెట్టెలో మెమరీ తక్కువ. తెలుగు వాక్యం వచ్చినప్పుడల్లా ఆ భాగాన్ని అటక మీంచి దింపాలి, వాక్యం అవగానే జాగా కోసం మళ్లీ పైకి తోసేయాలి. ఇంగ్లీషు చిలకలా పలికింది. తెలుగు మాత్రం ఒక్కో వాక్యం ముందు, ఇంతలో మనిషికి ఏమైనా అయిందా అనిపించేంత సేపు ఆగడం మొదలుపెట్టింది.

ఆ శుక్రవారం కూటం మాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఆవిడ ఇంట్లో. ఆమె ఆమెన్‌కు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పేరుంది. ఎవరి ప్రార్థన ముగిసినా మొదట లేచే గొంతు ఆమెది, దాని వెనకే అందరిదీ. నాన్న మీట నొక్కారు. "పరలోకమందున్న మా తండ్రీ, ఈ సాయంత్రం మమ్మల్ని ఒక దగ్గర సేర్సినందుకు నీకు స్తోత్రం" అంది పెట్టె. ఆగింది. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. మాట ఆగితే ప్రార్థన అయిపోయిందనే లెక్క, కళ్లు మూసుకున్నవాళ్లకు వేరే ఆనవాలు లేదు. పెద్దమ్మ "ఆమెన్!" అంది. అందరూ "ఆమెన్" అన్నారు. పక్కనున్నావిడ తన ప్రార్థన ఎత్తుకుంది. అప్పుడు పెట్టె, "వర్క్‌షాపులో పనిసేసే పిల్లల కోసం" అని ఆమె మాటల మీద పడింది. ఆమె కంగారుపడి ఆగింది. పెట్టె మళ్లీ ఆగింది. ఈసారి ఎవరో సర్దుబాటుగా మళ్లీ "ఆమెన్" అన్నారు. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

నాన్న రెండు చేతులతో పెట్టెను పొట్టకు అదుముకుని, ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలియక తడుముకున్నారు. నేనే లాక్కుని ఆపాను. ఆయన ముఖం చూడలేక చాప అంచు చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్లల వీపులు విమానం మోత మోగించాలనిపించింది.

తర్వాతి శుక్రవారాల్లో ఆయన వంతు రాగానే పక్కవాళ్ల మోకాలు తట్టి, మీరు చేయండని సైగ చేసేవారు. ఆ తర్వాత కూటానికే రావడం మానేశారు.

నేను మేనేజరుకి ఫోన్ చేశాను. అతను హైదరాబాదులో ఉంటాడు, తెలుగువాడే. ప్రొఫైల్ శిక్షణకు పెట్టే వాక్యాల్లో తెలుగునూ కలపమన్నాను.

"కలిపితే ఇంగ్లీషు కొంచెం తగ్గుతుంది. ఆ కొంచెమే మనం అమ్ముకుంటున్నది" అన్నాడు. "తెలుగులో ఈ పెట్టె వాడేవాళ్లు ఎంతమందని? వాడకమే లేదు."

"నెమ్మదిగా ఉందని వాళ్లు మానేస్తున్నారు. మానేశారు కాబట్టి మీ లెక్కలోకి రారు. లెక్కలోకి రారు కాబట్టి ఇంకా నెమ్మదిస్తుంది. ఇలా ఎక్కడిదాకా వెళ్తాం?"

"నీ బాధ నాకు అర్థమవుతోంది" అన్నాడు. ఈ మాట అనేవాళ్లకు ఏమీ అర్థం కాదని నా అనుభవం. చివరికి, "మీ నాన్నగారి పెట్టె ఒక్కటీ నువ్వు ఏమైనా చేసుకో, నేను చూడనట్టు ఉంటాను. రిలీజులోకి మాత్రం రాదు" అన్నాడు. ఫోన్ పెట్టేసి నేను నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. అమ్మ వంటింట్లోంచి, "ఎవరినే?" అంది. "తెలుగువాడిని" అన్నాను.

మొదట వార్తాపత్రికల వాక్యాలు పెట్టి నడిపాను. పెద్దగా మారలేదు. మా నాన్న పత్రికలా మాట్లాడరు. ఒకే వాక్యంలో సికాకుళం యాస, రైల్వే డ్యూటీ, షంటింగు, బెంగాలీ దాదా, హిందీ ఠీక్ హై, మళ్లీ ప్రార్థనలోకొస్తే పాతకాలపు వ్యాకరణం. ఆయన మాటలు ప్రోగ్రాంలో నడిచే దారులు వేరు. ఆయన దారి తెలియాలంటే ఆయనే నడవాలి. లెక్క రాసుకునే బిల్డ్‌ను ఆయన పెట్టెలో వేసి, "నాన్నా, కొన్నాళ్లు ఇది ఇంకా నెమ్మదిగా ఉంటుంది. ఓర్చుకుని దీంతోనే మాట్లాడు. నువ్వెలా మాట్లాడతావో అది నేర్చుకుంటుంది" అన్నాను. ఆయన తలూపారు.

కొన్నాళ్లు ఆగి ఆ లెక్క తీసి కొత్త బిల్డ్ చేశాను. ఆశగా పెట్టెలో వేసి చూశాను. "నీళ్లు" అనగానే పలికింది. "ఫేను", "సాలు", "వద్దు" చిటికెలో వచ్చాయి. పెద్ద వాక్యం పెడితే మళ్లీ అదే మౌనం. లెక్క తెరిచి చూస్తే మాటలు ఉండవు, ఏ దారి ఎన్నిసార్లు నడిచిందో అంతే ఉంటుంది. అయినా నాకు తెలిసిపోయింది. ఇన్నాళ్లూ మా నాన్న ఒక మాట, రెండు మాటలు తప్ప అనలేదు. పొడుగు వాక్యాలు నడిచే దారిలో కాపలాదారులందరూ ఖాళీగా కూర్చున్నారు. పక్క గదిలో కూర్చుని జీతం తీసుకుంటున్న నాకు, మా నాన్న మాట్లాడటం మానేశారన్న సంగతి కంపైలర్ చెప్పాల్సి వచ్చింది.

కోపం ఆయన మీదికే వెళ్లింది. "పెద్ద మాటలు మాట్లాడమన్నాను కదా నాన్నా! చెప్పింది చెయ్యకపోతే నేనేం చెయ్యను?"

ఆయన నిదానంగా టైపు చేసి మీట నొక్కారు. పెట్టె వెంటనే పలికింది. అది చిన్న మాటే.

"ఎవురితో?"

అమ్మ తిరగలి ఆపినట్టు పని ఆపి అటే చూసింది.

ఆ సంగతి అమ్మే వెళ్లి పెద్దమ్మతో చెప్పింది. పెద్దమ్మ మర్నాడు రిక్షాలో దిగింది, చేతిలో అరిసెల డబ్బాతో. నాన్న ఎదుట కుర్చీలో కూర్చుని, "తప్పు నాదయ్యా. నా నోరే నాకు సెత్రువు. ఇకమీదట నీ పెట్టె ఆలోసిస్తన్నంత సేపూ నోటికి సెయ్యి అడ్డం పెట్టుకుంటాను. మా ఇంటోళ్లకాడినుంచి అందరికీ సెప్పేసినాను. నువ్వు రా" అంది. పెట్టె ఆలోచించడం అన్న మాట అలా ఆమె నోటినుంచే పుట్టింది. అది ఆలోచించడం కాదు, అటక మీంచి దింపుకోవడం అని నేను అనబోయి మానుకున్నాను.

నాన్న ఒప్పుకున్నారు. లెక్క రాసుకునే బిల్డ్‌ను మళ్లీ వేశాను. "ప్రార్థనే చెయ్యి, నాన్నా. ఆ దారులే కదా కావాలి" అంటే ముందు తల అడ్డంగా ఊపారు. పెట్టె చాలా సేపు ఆగి ఆగి పలికింది. "ప్రార్థన ట్రయలు ఎయ్యడానికి కాదు. సేస్తే నిజంగానే సేస్తాను." అలా ఒక పెద్ద ప్రార్థన రాయడం మొదలుపెట్టారు, మళ్లీ కూటానికి వెళ్లిన రోజు చేయడానికి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీ దగ్గర కూర్చుని కొంచెం కొట్టేవారు, మొదటినుంచీ వినేవారు, ఇంకొంచెం కలిపేవారు. లెక్క రాసుకునే బిల్డ్ కదా, ఒక్కో వాక్యానికీ కాపు కాయాలి. ఆయన కిటికీలోంచి వీధి చూస్తూ కాచేవారు. పక్క గదిలో పని చేసుకుంటూ నేను ఆ గొంతు వినేదాన్ని. వర్క్‌షాపు అయింది. మంచం పట్టినవాళ్లు అయ్యారు. పిల్లలు అయ్యారు.

ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "ఇల్లు మిగిలింది. అది రేపు" అనిపించారు పెట్టెచేత. అలిసిపోయినట్టున్నారు. పడుకోమన్నాను.

తెల్లవారేసరికి ఆయాసం. ఊపిరి కోసం ఆపరేషనులో మెడకు పెట్టిన రంధ్రం చుట్టూ నెత్తురు. పుండు మళ్లీ లోపల పాకిందన్నారు ఆసుపత్రిలో. ఆయన్ను లోపలికి తీసుకెళ్లాక నేను వరండాలో నేల మీద కూర్చుని, పెట్టెలోంచి లెక్క తీసి, ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేశాను. ఆ సమయంలో ఆ పని ఎలా చేశానో నాకే తెలియదు. చేయడానికి నాకు తెలిసిన పని అదొక్కటే. బిల్డ్ పెట్టెలో వేసి, ఆయన రాసిన మొదటి రెండు వాక్యాలు చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మధ్యలో ఖాళీ లేదు. మా నాన్న గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నారు. పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లాను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ వేళ్లు నా వేళ్లను కూడా పట్టుకోలేకపోయాయి. "నాన్నా, పెట్టె బాగైంది, విను" అని చెవి దగ్గర పెట్టాను. విన్నారో లేదో తెలియదు. ఆ రాత్రి దాటలేదు.

మేనేజరు సంతాపం తెలిపాడు. అదే ఉత్తరంలో కింద, తెలుగును శిక్షణలో చేర్చాలన్న నా కోరికను మూసేశామని, వాడేవాళ్లు ఒక్కరే ఉన్నట్టు తేలిందని రాశాడు. ఆ ఒక్కరినీ అప్పటికి మట్టిచేసి వచ్చాం.

ఆదరణ కూటం మా ఇంట్లోనే పెట్టారు. గదిలో చోటు చాలక గుమ్మందాకా చాపలు వేశాం. అందరి వంతూ అయ్యాక అమ్మ పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఆయన సేస్తానన్న ప్రార్థన సెయ్యనీ" అంది. అది పూర్తికాలేదని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో. పెద్దమ్మ గట్టిగా, "పెట్టె ఆలోసిస్తాది. ఎవురూ తొందరపడకండి" అని అందరినీ హెచ్చరించి, కళ్లు మూసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను మీట నొక్కాను.

"తండ్రీ, ఈ ఏళ డ్యూటీకి ఎల్లిన పిల్లల సేతులు కాళ్లు నువ్వే సూసుకోవాలి. మా ఎదురింటి దాదాకి కళ్ల ఆపరేషను, ఆయన నిన్ను ఇంకో పేరుతో పిలుస్తాడు, పర్వా నై, నువ్వు ఎల్లు. మా వదినకి నోటి బలం తగ్గించకు ప్రభువా, ఆమెన్ మాత్రం కొంచెం లేటుగా ఇప్పించు." పెద్దమ్మ చేతి చాటున నవ్వుతూ వెక్కింది. పెట్టె ఎక్కడా ఆగలేదు. బొంగురుపోయిన గొంతు కాదు, షెడ్డు మోతను దాటి వచ్చిన పాత గొంతు. పరీక్షలు రాసిన పిల్లల్ని ఒక్కొక్కరినీ వాళ్ల వాళ్ల సెంటర్లతో సహా చెప్పారు. కళ్లు మూసుకోకుండా ఉన్నది నేనొక్కదాన్నే.

"ఇక మా ఇంటి సంగతి, తండ్రీ" అంది పెట్టె.

అక్కడ ఆగింది. ఎవరూ కదల్లేదు. ఆయన వరుస అందరికీ తెలుసు, చివరికి ఇల్లు రావాలి. ఎవరూ తొందరపడలేదు. నాన్న ఉన్న రోజుల్లో ఇవ్వని సమయం మొత్తం ఇప్పుడు తెచ్చి ఇస్తున్నారు. గుమ్మంలో కూర్చున్న పిల్లలు కూడా కళ్లు గట్టిగా మూసుకుని ఊపిరి బిగబట్టారు. అమ్మ పెదవులు ఆయన కంటే ముందే ఏదో అనబోతున్నట్టు కదులుతున్నాయి. ఒళ్లో పెట్టె తెర ఎప్పుడో ఆరిపోయింది.

చాలాసేపటికి పెద్దమ్మ కళ్లు తెరవకుండానే, చెయ్యి కొంచెం పక్కకు తీసి గుసగుసగా అడిగింది. "పాపా, ఇంకా ఆలోసిస్తన్నాదా?"

"లేదు పెద్దమ్మా. ఇప్పుడది ఆలోచించదు. అంతవరకే ఉంది."

ఆమె చెయ్యి మళ్లీ నోటి మీదికి వెళ్లింది. ఆ ప్రార్థనకు ఎవరూ ఆమెన్ అనలేదు.